భయానికీ గ్రేడింగ్ ఉంది

2025 నవంబరు 27, గురువారం. గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. పొద్దున ఆరున్నర కాకముందే హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టేశారు. కర్టెన్లు చాలవట, వెలుగు వస్తోందట. మా అక్క కొడుకు, వాడి స్నేహితులు ఇద్దరు, ముగ్గురూ ఇంటర్ రెండో సంవత్సరం, ముగ్గురూ కాలేజీకి డుమ్మా. నెట్‌ఫ్లిక్స్‌లో స్ట్రేంజర్ థింగ్స్ అనే సైఫై (సైన్స్ ఫిక్షన్) సీరియల్ ఐదో సీజన్ మొదటి భాగం అమెరికాలో ముందురోజు సాయంత్రం విడుదలైతే, మనకది మర్నాడు పొద్దున ఆరున్నర. చూస్తుండగా పాలవాడు బెల్లు కొట్టాడు. ముగ్గురూ ఒకేసారి ఎగిరిపడ్డారు. అప్పుడు తెరమీద రాక్షసి కూడా లేదు, ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారంతే. మా అమ్మ పాల ప్యాకెట్లు తీసుకుని, "భయపడాలంటే రాత్రిపూట చూడాలి గదరా, ఇదేం ఖర్మ" అంటూ వంటింట్లోకి పోయింది.

సాయంత్రానికి పంచాయతీ మొదలైంది. ఇన్నేళ్ల సీజన్లన్నిట్లో ఏది ఎక్కువ భయపెట్టింది? ఒకడు నాలుగో సీజన్ అన్నాడు. 2022లో వచ్చిన దాని మొదటి ఎపిసోడ్ చివర ఒకమ్మాయి గాల్లోకి లేస్తుంది, ఎముకలు పటపటా విరుగుతాయి. రెండోవాడు అది రోత తప్ప భయం కాదన్నాడు. వాడి ఓటు 2016 నాటి మొదటి సీజన్‌కి. అందులో తల్లి గోడమీద అక్షరాలు రాసి వాటికి సీరియల్ బల్బులు వేలాడదీస్తుంది. కనబడకుండా పోయిన కొడుకు ఎక్కడినుంచో ఒక్కో బల్బూ వెలిగించి, అక్షరం అక్షరంగా "పారిపో" అని చెబుతాడు. మావాడు మాత్రం, "నాకేం భయం వెయ్యలేదు మావయ్యా, తెలుగు డబ్బింగ్‌లో చూస్తే కామెడీగా ఉంది" అన్నాడు. పాలవాడి బెల్లుకి అందరికన్నా ఎత్తు ఎగిరింది వాడే.

ఇలాంటి తగువు మా ఇంట్లోదే కాదు. సైఫై సీరియల్ అభిమానులు నలుగురు ఎక్కడ కూడినా ఇది వస్తుంది, ఎప్పటికీ తేలదు. తేలకపోవడానికి అభిరుచుల తేడా కారణం అని పెద్దమనిషి తీర్పు చెప్పడం తేలిక. నాకది నచ్చదు. వాళ్లు ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు, మూడింటికీ భయం అనే ఒకే చీటీ అంటించారు. అదీ చిక్కు.

నిజానికి తెలుగులో మాటలకి కరువు లేదు. ఉలిక్కిపడటం, జడుసుకోవడం, హడలిపోవడం, బెదరడం, జంకడం, గుబులు, దిగులు. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. పిల్లవాడు జడుసుకుంటే తాయెత్తు కడతారు. గుబులుకి తాయెత్తు లేదు. ఉలికిపాటు అర నిమిషంలో పోతుంది, గుబులు ఇంటికి వెంట వస్తుంది. నాట్యశాస్త్రం కూడా భయానకాన్నీ బీభత్సాన్నీ అద్భుతాన్నీ కలిపి కట్టలేదు. ఒకదానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచే భావం, భయం, ఒకదానికి జుగుప్స, ఒకదానికి విస్మయం. దయ్యాల కథకి మొదటి రెండూ చాలు. సైఫైకి మూడోది లేకపోతే పని జరగదు. కొత్త లోకం, కొత్త యంత్రం, ముందు "ఓహో" అనిపించాలి. ఆ ఓహో అని తెరిచిన నోట్లోకే ఈగ దూరుతుంది.

గుంటూరు వాళ్లకి ఈ సంగతి మిరపకాయతో చెబితే తొందరగా ఎక్కుతుంది. మిర్చి యార్డులో ఎవరూ "మిరపకాయలు ఎంత?" అని అడగరు. తేజ ఎంత, 334 ఎంత, 341 ఎంత, బ్యాడిగి ఎంత అని అడుగుతారు. తేజ కారానికి, బ్యాడిగి రంగుకి. తాలు కాయలు వేరే పోగు. తేజ టిక్కీకీ బ్యాడిగి టిక్కీకీ (టిక్కీ అంటే బస్తా) ఏది "ఎక్కువ మిరపకాయ" అని ఎవరైనా వాదిస్తే కమీషన్ వ్యాపారి నవ్వి టీ తెప్పిస్తాడు. ఎముకలు విరిగే దృశ్యం బ్యాడిగి లాంటిది, ఎరుపు చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది గానీ నాలుక మీద నిలిచే మంట తక్కువ. తలుపు చాటునుంచి ధబేల్‌మని దూకేది తేజ, పెట్టగానే నషాళానికి అంటుతుంది. బల్బులు వెలగడం వేరే రకం. తిన్నప్పుడు ఏమీ తెలియదు, రాత్రి రెండింటికి తెలుస్తుంది.

మిరపకాయ పోలిక నేను గుంటూరువాణ్ణి కాబట్టి తెచ్చింది కాదు. భయాన్ని ఎందుకు కొని తెచ్చుకుంటాం అనే ప్రశ్నకి పనికొచ్చే జవాబు ఒకటి అసలు మిరపకాయ దగ్గరే పుట్టింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషులు మంట పుట్టించే కాయని ఎందుకు ఇష్టపడతారో తేల్చుకుందామని మెక్సికో కొండ పల్లెకి వెళ్లాడు. అక్కడి కుక్కలు, పందులు రోజూ కారం కలిసిన ఎంగిలి మెతుకులే తింటాయి. వాటిముందు కారం పెట్టిన బిస్కెట్టూ పెట్టని బిస్కెట్టూ ఉంచితే కారం లేనిదాని దగ్గరికే పోయాయి. మనుషులు మాత్రం కారమే కావాలన్నారు. ఇంకో సంగతి కూడా తేలింది. కారం ఇష్టపడేవాళ్లలో చాలామందికి ఎక్కువ నచ్చేది, ఇక తట్టుకోలేను అనే గీతకి ఒక్క మెట్టు కింద ఉన్న కారం.

ఇందులో కిటుకు ఏమిటంటే మిరపకాయ నోటిని కాల్చదు. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే మేలుకునే నరాల గ్రాహకం ఒకటుంది. డేవిడ్ జూలియస్ బృందం దాన్ని 1997లో పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. కారంలోని రసాయనం ఆ గ్రాహకాన్నే తడుతుంది. నోరు తగలబడుతోందని ఒంటికి కబురు వెళుతుంది, కళ్లనీళ్లు, చెమట. తగలబడటం లేదని మనకి తెలుసు. ఒళ్లు మోసపోయింది, నేను మోసపోలేదు అన్న ఆ తేడాలోనే సరదా ఉందని రోజిన్ అంటాడు. దానికి ఆయన పెట్టిన పేరుని తెలుగులో హాని లేని ఆత్మపీడ అనుకోవచ్చు. రంగులరాట్నం, ఏడుపు సినిమా, భయం సీరియల్, అన్నీ ఆ ఖాతాలోకే వస్తాయి.

ఇప్పుడు మావాడి మాట మళ్లీ వినండి. "నాకేం భయం వెయ్యలేదు." ఆవకాయ కలుపుకుని "ఇదేం కారం" అనే మనిషి గొంతే అది. గీత నాకు చాలా పైన ఉంది అని చెప్పుకోవడం. అభిమానుల మాటల్లో సగం భయం గురించి కావు, ఓర్పు గురించి. డాల్ఫ్ జిల్‌మన్ బృందం 1986లో అచ్చువేసిన ఒక ప్రయోగంలో, భయం సినిమాని మగపిల్లలు ఎక్కువ ఆనందించింది పక్కనున్న అమ్మాయి బెదిరిపోయినప్పుడు. అమ్మాయిలు ఎక్కువ ఆనందించింది పక్కనున్న కుర్రాడు చెక్కుచెదరనట్టు కూర్చున్నప్పుడు. ఎవరు ఏమన్నారో అచ్చంగా నమ్మేముందు ఎవరి పక్కన కూర్చుని అన్నారో చూసుకోవాలి.

కిటికీలకి దుప్పట్లు కట్టడం కూడా పిచ్చి పనేం కాదు. చీకట్లో పెద్ద చప్పుడు వింటే మనిషి ఉలికిపాటు వెలుగులో కన్నా ఎక్కువ ఉంటుందని 1997లో కొలిచి చూపించారు. ఎలుకల దగ్గర ఇది తిరగబడింది. అవి రాత్రి తిరిగే జీవాలు, వాటికి వెలుగే హడలు. అంటే ఉలికిపాటులో కథకి వాటా తక్కువ, గదికి వాటా ఎక్కువ. పాలవాడి బెల్లుకి వాళ్లు ఎగరడంలో నెట్‌ఫ్లిక్స్ గొప్ప ఏమీ లేదు. ఆ గొప్ప మా అక్క ఇచ్చిన నల్ల దుప్పట్లది. ఉలికిపాటుతో ఇంకో లోటు ఉంది, రెండోసారి చూస్తే పని చెయ్యదు. అందుకే దానిమీదే బతికే ఎపిసోడ్‌కి అభిమానులు విశ్వాసంగా ఉండరు.

రోత అలా కాదు, అది అరగదు. అమెరికాలో ఫాక్స్ చానల్ వేసిన ద ఎక్స్ ఫైల్స్‌లో 1996 అక్టోబరు 11న "హోమ్" అనే ఎపిసోడ్ వచ్చింది. ఊరి చివర పాడుబడ్డ ఇంట్లో వికృత రూపాలతో బతికే అన్నదమ్ములు, మొదటి దృశ్యంలోనే పసిగుడ్డుని పాతిపెట్టడం. ఆ సీరియల్‌లో చూసేవాళ్లకి ముందుగా హెచ్చరిక వేసిన మొదటి ఎపిసోడ్ అదే. దాన్ని మళ్లీ వెయ్యడానికి చానల్ ఏళ్ల తరబడి వెనకాడింది. అలా వెనకాడటమే దానికి కిరీటం అయింది. నేను చూశాను, ఒకసారి చాలు. అందులో గ్రహాంతరవాసి లేడు, విస్మయం లేదు. బీభత్సం బాగా పండింది గానీ, సైఫై భయానికి దాన్ని ఉదాహరణగా తెచ్చేవాళ్లతో నాకు పేచీ.

నా ఉదాహరణ వేరే. బీబీసీ వారి డాక్టర్ హూ 1963 నవంబరు 23న మొదలైన సీరియల్. 1989లో ఆగి, 2005లో మళ్లీ లేచింది. అందులో 2007 జూన్ 9న వచ్చిన "బ్లింక్" అనే ఎపిసోడ్ రాసింది స్టీవెన్ మొఫాట్, మరుసటి ఏడు దానికి సైఫై రచనలకిచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. రాక్షసులు రాతి దేవదూతల బొమ్మలు. ఎవరైనా చూస్తున్నంతసేపు అవి రాయి. చూపు తప్పిస్తే కదులుతాయి. రెప్ప వేసే పాటి సమయం చాలు. ఆ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క బొమ్మా మన కళ్లముందు కదలదు. పాత్రలు అటు తిరిగినప్పుడు కూడా కదలదు. ఎందుకంటే మనం చూస్తున్నాం. దర్శకురాలు మనల్ని కథలో కాపలా పెట్టింది, ఆ సంగతి మనకి చెప్పకుండా.

దయ్యానికి మంత్రం ఉంటుంది, సైఫై రాక్షసికి షరతు ఉంటుంది. మంత్రం మనకి రాదు, అది భూతవైద్యుడి పని. షరతు మాత్రం ఇంటికి తెచ్చుకుని పరీక్షించుకోవచ్చు. రెప్ప వెయ్యకు. చప్పుడు చెయ్యకు. చీకట్లో అడుగు పెట్టకు. టీవీ కట్టేశాక కూడా ఆ షరతు పని చేస్తూ ఉంటుంది, ఎందుకంటే రెప్పలూ చీకటీ మన దగ్గరే ఉన్నాయి. బల్బుల ఎపిసోడ్ కిటుకూ అదే. కిందటి దసరాకి మా అక్క విజయవాడలో వాళ్ల ఇంటి బాల్కనీకి సీరియల్ సెట్టు కట్టింది. అందులో ఒక పచ్చ బల్బు హోల్డర్ దగ్గర లూజు. గాలి కొట్టినప్పుడల్లా ఆరి వెలిగేది. దాన్ని విప్పి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టింది ఎవరో కాదు, ఏ భయమూ లేదన్న మా మేనల్లుడే. చుట్టినవాడు ప్లగ్గు మాత్రం వాళ్లమ్మని పెట్టమన్నాడు.

బ్లింక్ చూశాక నాకు వచ్చిన తిప్పలు వేరు. మన ఊళ్లల్లో విగ్రహం లేని సెంటర్ ఉంటుందా? అయినా పగలు పూలదండలు, కాకులు, పక్కన జామకాయల బండి, వాటిని చూసి ఎవరు భయపడతారు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు చూడాలి. నాయకుల విగ్రహాలన్నిటికీ గుడ్డలు చుట్టేస్తారు. రాత్రి పదకొండు తర్వాత విజయవాడ బస్సు దిగి, బండి మీద వస్తుంటే ముఖం కప్పుకున్న నిలువెత్తు ఆకారం చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటుంది. ఆ దేవదూతలు కూడా ముఖానికి చేతులు అడ్డం పెట్టుకునే ఉంటాయి. నేను అద్దంలో వెనక్కి చూసుకున్న మాట నిజం. నాకప్పుడు నలభై దాటాయి.

వయసు సంగతి వచ్చింది గనక ఒకటి చెప్పాలి. 1970ల చివర అమెరికాలో ద ఇన్‌క్రెడిబుల్ హల్క్ సీరియల్ వచ్చేది. కోపం వస్తే మనిషి ఆకుపచ్చ భీకరాకారంగా మారి మంచివాళ్లని కాపాడతాడు. దాన్ని పిల్లలకి చూపించి గ్లెన్ స్పార్క్స్, జోఆన్ కాంటర్ అనే పరిశోధకులు అడిగితే, బడి ఈడు రాని పిల్లలు మనిషి హల్క్‌గా మారాక ఎక్కువ భయపడ్డారు. పెద్దపిల్లలు మారకముందు, ఆ మనిషి ప్రమాదంలో ఉన్నప్పుడు భయపడ్డారు. చిన్నవాళ్లకి కనిపించేదే భయం, పెద్దయ్యేకొద్దీ జరగబోయేది భయం. కాబట్టి ఒకే ఎపిసోడ్‌ని అన్నదమ్ములిద్దరు పక్కపక్కన కూర్చుని చూసి, వేర్వేరు నిమిషాల్లో కళ్లు మూసుకుంటారు.

బ్రిటన్‌లో పిల్లలు డాక్టర్ హూ చూస్తూ సోఫా వెనక దాక్కునేవారని సామెతలా చెప్పుకుంటారు. మా ఇళ్లల్లో సోఫా గోడకి ఆనించి ఉండేది, వెనక బల్లికి తప్ప చోటు లేదు. మేం అమ్మమ్మ కొంగులో దూరేవాళ్లం. అక్కడ పెద్దల గోల కూడా గట్టిగానే ఉండేది. 1976లో ఒక ఎపిసోడ్ చివర కథానాయకుడైన డాక్టర్ తలని నీళ్లలో ముంచి పట్టుకున్న చోట బొమ్మ నిలిపేశారు, మిగతాది వచ్చే వారం. టీవీ కార్యక్రమాల మీద పోరాడే మేరీ వైట్‌హౌస్ అనే ఆవిడ, పిల్లలు వారమంతా ఆ మునిగిన ముఖాన్నే మోస్తారని విరుచుకుపడింది. బీబీసీ తప్పు ఒప్పుకుంది. ఆవిడ చాదస్తం మీద నాకు గౌరవం లేదు గానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ వేలు సరైన చోట పెట్టింది. భయం పుట్టేది బొమ్మలోనే అయినా పెరిగేది సశేషంలో. మన వారపత్రికల చేతబడి సీరియళ్లు చదివిన తరానికి ఇది చెప్పక్కర్లేదు. బుధవారం పత్రిక వస్తే గురువారం నుంచి మళ్లీ బుధవారం దాకా పెరట్లో నిమ్మకాయ కనబడితే దాటి పోయేవాళ్లు. ఓటీటీలో ఎపిసోడ్లన్నీ ఒకేసారి పడేస్తే, గుబులు ముదిరేలోపే తర్వాతి ఎపిసోడ్ వచ్చి విరుగుడు ఇచ్చేస్తుంది. ఒక్క రాత్రిలో సీజన్ మింగినవాడు "అంత భయమేం లేదు" అంటే అబద్ధం కాదు. వాడు నానబెట్టలేదు.

డబ్బింగ్ సంగతి తేలలేదు కదా. 2003లో కేథరిన్ హారిస్ బృందం, టర్కిష్ మాతృభాషగా పుట్టి తర్వాత ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్ల వేళ్లకి తీగలు కట్టి చర్మం మీది చెమట కొలిచింది. చిన్నప్పుడు అమ్మానాన్నా తిట్టే మాటలు ఇంగ్లిష్‌లో కన్నా టర్కిష్‌లో వింటే ఒళ్లు ఎక్కువ స్పందించింది. ఈ లెక్కన స్ట్రేంజర్ థింగ్స్ రాక్షసుడు వెక్నా తెలుగులో పిలిస్తే మరింత దడుసుకోవాలి. మావాడు నవ్వాడు. నాకు తోచిన కారణం ఒకటుంది. ఆ పరిశోధనలోని మాటలు వంటింట్లో విన్నవి. డబ్బింగ్ తెలుగు ఏ వంటింట్లోనూ ఎవరూ మాట్లాడరు. అది పాత సినిమా విలన్ భాష, దానికి నవ్వడం చిన్నప్పుడే నేర్చుకున్నాం. అదే రాక్షసి మా అమ్మ గొంతుతో "ఏందిరా, ఇంకా పడుకోలా?" అని ఉంటే వాడు నవ్వేవాడు కాదని పందెం కాస్తాను.

ఆ ఆదివారం పందెం లాంటిదే కాశాను కూడా. రాక్షసి కనబడకుండా భయపెట్టడం కుదరదని కుర్రాళ్లు తేల్చేశారు. సరే కూర్చోండి అని డాక్టర్ హూలోనే 2008 జూన్ 14న వచ్చిన "మిడ్‌నైట్" పెట్టాను. రాసింది రస్సెల్ టి డేవిస్. కథంతా ఒక బస్సులో. వజ్రాల గ్రహం మీద యాత్రికుల బండి. బయట ఎండ తగిలితే మనిషి ఆవిరైపోతాడు, అందుకని కిటికీలన్నీ మూసే ఉంటాయి. దారిలో బండి ఆగుతుంది. బయటినుంచి ఎవరో తడతారు. బయట ఎవరూ ఉండటానికి వీల్లేదు. తర్వాత ఒక ప్రయాణికురాలు అందరి మాటలూ తిరిగి అనడం మొదలుపెడుతుంది. ముందు వెనకగా, తర్వాత వాళ్లతోపాటే, చివరికి డాక్టర్ కంటే ముందే. ఆమెలో దూరింది ఏమిటో ఎపిసోడ్ అయిపోయినా చూపించరు.

కుర్రాళ్లు మొదటి పది నిమిషాలు ఫోన్లు చూసుకున్నారు. మాటలు తిరిగి వినబడటం మొదలయ్యాక ఒకడు సరదాకి అనుకరించాడు. ఇంకొకడు "ఆపరా" అన్నాడు, గొంతులో సరదా లేదు. ఆ తర్వాత బస్సులో జనం మారిపోతారు. ఆమెని బయటికి తోసేద్దాం అంటారు. అడ్డొచ్చిన డాక్టర్‌ని కూడా తోసేద్దాం అంటారు. అంతకుముందు కథలు చెప్పుకుని నవ్వుకున్న మనుషులే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్ పుకార్లు లేచి, మన రెండు రాష్ట్రాల్లోనూ దారిన పోయేవాళ్లని జనం పట్టుకుని కొట్టిన రోజులు నాకు గుర్తొచ్చాయి. ఆఖరికి అందరినీ కాపాడేది బండిలో కాఫీలు అందించే అమ్మాయి. ఆ ప్రయాణికురాలినీ ఆమె లోపలున్నదాన్నీ పట్టుకుని తనతో పాటు తలుపు బయటికి ఎండలోకి లాక్కుపోతుంది. ఆ పిల్ల పేరేమిటని డాక్టర్ అడుగుతాడు. ఎవరికీ తెలియదు.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మ గుమ్మం దగ్గర చేటలో ఎండుమిర్చి తొడిమలు తీస్తూ సగం నుంచి చూస్తోందని అప్పుడు గమనించాను. ఆవిడకి ఇంగ్లిష్ అంతంత మాత్రం.

"అమ్మమ్మా, నీకేమన్నా భయమేసిందా?" అన్నాడు మావాడు.

"ఆ తలుపు కొట్టినోడికి ఏం భయంరా. తోసెయ్యండి అన్నదే, ఆ పెద్దావిడ. అచ్చం మన పక్క సీట్లో కూర్చునే మనిషిలా ఉంది."

"నువ్వుంటే ఏం చేసేదానివి?"

అమ్మ ఇంకో కాయ తొడిమ తీసింది. "కిటికీ పక్క సీటు అడిగేదాన్ని. బయటికి చూస్తా కూర్చునేదాన్ని."

"ఆ బస్సుకి కిటికీలు మూసేశారు అమ్మమ్మా."

"అదే గదరా" అంది అమ్మ, చేట ఎత్తుకుని లేస్తూ.